ఓటుకీ ఓటుకీ మధ్య మన మాట చెల్లే దారి ఉందా?

పగటివెన్నెల (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక రోడ్డు వెడల్పు పనిమీద ప్రజాభిప్రాయ సమావేశం పెడుతున్నారంటే వెళ్లాను. హాల్లోకి అడుగుపెట్టగానే గోడకి పెద్ద మ్యాపు కనిపించింది. దానిమీద ఎర్రగీత అప్పటికే గీసేసి ఉంది. మాట్లాడటానికి మనిషికి రెండు నిమిషాలు. నా ముందు వరసలో ఒక పెద్దావిడ నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చుకున్నారు, రెండువైపులా రాసి ఉంది. మైకు దగ్గర నిలబడి మొదటి పాయింటు చదివేలోపే బెల్లు కొట్టేశారు. ఆవిడ ఏమీ అనలేదు. కాగితాన్ని పాత మడతల మీదే మళ్లీ మడిచి, వచ్చి కూర్చున్నారు. ఆ సమావేశానికి పది రోజుల ముందే టెండరు పిలిచేశారని నాకు తర్వాత తెలిసింది.

అప్పటినుంచి ఒకటే ఆలోచన. ఎన్నికల రోజు మన ఓటుకి అంత విలువ ఇస్తారు. ఆ మర్నాటి నుంచి మళ్లీ ఎన్నికలదాకా మన మాటకి చోటెక్కడ? మామూలు మనుషులు చట్టంలోనో బడ్జెట్‌లోనో నిజంగా చెయ్యి పెట్టగలిగిన చోట్లు ఎక్కడైనా ఉన్నాయా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, ఎంత పొడుగైనా ఓపిగ్గా చదువుతాను.

కొత్తచిగురు

బ్యాంకు పనులన్నీ ఫోన్లోనే చేసుకుంటున్నాం కదండీ. ప్రతి ముఖ్యమైన బిల్లునీ ఒక యాప్‌లో పెట్టి అవునా కాదా అని అడిగితే సరిపోదా? ప్రతినిధులు చట్టం రాయనివ్వండి, ఆమోదించేది మాత్రం మనమే కావాలి.

తూకంరాయి

చిగురు గారూ, మీ ఉత్సాహం అర్థమైంది. కానీ ఆ అవును-కాదు ప్రశ్న రాసేది ఎవరు? నాకు భయం అక్కడే.

కాలిఫోర్నియాలో 1911 నుంచీ ఈ హక్కు ఉంది. తగినన్ని సంతకాలు తెస్తే చట్టసభతో పనిలేకుండా ఒక చట్టాన్ని నేరుగా జనం ఓటుకి పెట్టొచ్చు. రాజకీయాల మీద రైల్వే కంపెనీ పట్టు వదిలించడానికే అప్పట్లో దాన్ని తెచ్చారు. 2020కి వచ్చేసరికి ఏమైందో చూడండి. యాప్‌లతో టాక్సీలు, డెలివరీలు నడిపే కంపెనీలు తమ డ్రైవర్లని ఉద్యోగులుగా లెక్కించక్కర్లేకుండా తామే ఒక ప్రతిపాదన పెట్టించుకున్నాయి. ప్రొపోజిషన్ 22 అంటారు దాన్ని. ప్రచారానికి 20 కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టి గెలిచాయి. కంపెనీల నుంచి జనాన్ని కాపాడాలని పెట్టిన తలుపులోంచే కంపెనీలు లోపలికి వచ్చాయి.

ఇంకోటి, 1978 నాటి ప్రొపోజిషన్ 13. ఆస్తిపన్ను ఆస్తి విలువలో 1 శాతం దాటకూడదన్నారు, రాష్ట్ర పన్నులు పెంచాలంటే చట్టసభలో మూడింట రెండొంతుల మద్దతు కావాలన్నారు. ఇంటి యజమానులకి ఊరట దక్కింది, కాదనను. బడులకీ స్థానిక సేవలకీ వచ్చే డబ్బు మాత్రం ఒక్కసారిగా పడిపోయింది. ఆ ఏడు ఓటేసినవాళ్లు తీసుకున్న నిర్ణయం అప్పటికింకా పుట్టని పిల్లల బడిదాకా వెళ్లింది.

బడిగంట

నేను బడిలో పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తూకంరాయి గారు చెప్పినవన్నీ నిజాలే, అయితే అదంతా నేరుగా ఓటెయ్యడం వల్ల వచ్చిన దోషమా, ఓటు ముందు జరగాల్సిన పని జరగకపోవడం వల్లా అని అడుగుతాను.

స్విట్జర్లాండ్ సంగతి చూడండి. పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే 100 రోజుల్లో 50,000 సంతకాలు తెస్తే చాలు, అది జనం ఓటుకి వెళ్లాల్సిందే. ఇది 1874 నుంచి ఉంది. రాజ్యాంగంలోనే మార్పు కావాలంటే 18 నెలల్లో లక్ష సంతకాలు కావాలి, అది 1891 నుంచి. అలాంటి మార్పు నెగ్గాలంటే దేశం మొత్తంమీద మెజారిటీ ఒక్కటే చాలదు, ఎక్కువ కాంటన్లు, అంటే అక్కడి రాష్ట్రాలు, కూడా ఒప్పుకోవాలి.

ఓటు రోజుకి కనీసం మూడు వారాల ముందే ఇంటికి ఒక కవరు వస్తుంది. అందులో చిన్న పుస్తకం. ప్రతిపాదన పూర్తి పాఠం, ప్రభుత్వం ఏమంటోంది, ప్రతిపాదించినవాళ్లు ఏమంటున్నారు, అన్నీ ఆ ఒక్క పుస్తకంలోనే ఉంటాయి. టీవీలో అరుపులు వినక్కర్లేదు. ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని చదువుకుని, పోస్టులో ఓటు పంపేయొచ్చు. 2012లో అందరికీ ఏడాదికి ఆరు వారాల సెలవు ఇవ్వాలన్న ప్రతిపాదన వస్తే దాదాపు మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. తమకి వచ్చే సెలవునే వద్దన్నారంటే, దాని ఖర్చు ఎవరిమీద పడుతుందో చదివి ఆలోచించారనే నేను అనుకుంటాను. జనానికి ఏమీ తెలియదు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 2016 ఫిబ్రవరిలో, పెళ్లయిన జంటలమీద అదనంగా పడే పన్ను తీసెయ్యాలన్న ప్రతిపాదన 50.8 శాతం వ్యతిరేక ఓట్లతో ఓడింది. ఇద్దరూ సంపాదించే జంటల్లో నష్టపోయేది 80,000 అని ఓటుకి ముందు ప్రభుత్వం చెప్పింది. తర్వాత లెక్క సరిచూస్తే 4,54,000 అని తేలింది. 2019 ఏప్రిల్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ ఓటింగునే కొట్టేసింది. ఓటరుకి తప్పు లెక్క ఇస్తే ఆ ఓటు చెల్లదు! నా దృష్టిలో నేరుగా ఓటు హక్కు కన్నా ఈ తీర్పు పెద్దది.

తూకంరాయి

మాస్టారూ, ఆ తీర్పు సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. కానీ అదే స్విట్జర్లాండ్‌లో 1959లో ఆడవాళ్లకి ఓటు ఇవ్వాలా అని మగవాళ్లని అడిగితే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. 1971 దాకా దేశస్థాయిలో ఆడవాళ్లకి ఓటు లేదు. ఆపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే కాంటన్‌లో మగవాళ్లు ఆ తర్వాత కూడా వద్దంటూనే ఉంటే, 1990లో కోర్టు కల్పించుకుని ఇప్పించాల్సి వచ్చింది. 2009లో మసీదులకి మినార్లు కట్టకూడదని 57.5 శాతం ఓట్లతో రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

ఎవరి హక్కు గురించి అడుగుతున్నామో వాళ్లు ఆ లెక్కింపులో లేకపోయినా, ఉన్నా కొద్దిమందే అయినా, పుస్తకం ఎంత బాగా అచ్చేసి పంపితే ఏం లాభం? మౌలిక హక్కుల్ని ఓటుకి పెట్టకూడదు. ఇందులో మాత్రం నేను వెనక్కి తగ్గను.

బడిగంట

ఒప్పుకుంటున్నాను. ఆ గీత ముందే గీసి ఉండాలి, దాన్ని కాపాడటానికి కోర్టూ ఉండాలి.

లెక్కలపుస్తకం

ఇప్పటిదాకా అందరం ఓటు గురించే మాట్లాడాం. జనాన్ని లోపలికి తెచ్చే దారి ఇంకొకటి ఉంది, చీటీ తీయడం. వినగానే తేలిగ్గా అనిపిస్తుంది కానీ ఇది ఓటు కన్నా పాత పద్ధతే.

ఏథెన్స్‌లో 500 మంది కౌన్సిల్ ఉండేది. పది తెగల నుంచి తెగకి 50 మందిని ఏటా చీటీతోనే తీసేవాళ్లు. జ్యూరీల కోసమైతే ఒక రాతి యంత్రమే ఉండేది, నిలువెత్తు రాతిపలక మీద వరసలు వరసలుగా సన్నని గాడులు. ఒక్కొక్కరూ తమ పేరు చెక్కిన చిన్న కంచు రేకు ఇస్తే వాటిని ఆ గాడుల్లో పెట్టేవాళ్లు. పక్కనున్న గొట్టంలో నల్లవీ తెల్లవీ గోళీలు పోస్తే ఒక్కొక్కటే కిందికి జారేవి. తెల్లది పడితే ఆ వరస మొత్తం ఆరోజు జ్యూరీలో కూర్చుంటుంది, నల్లదైతే ఇంటికి. లంచం ఇద్దామన్నా ఎవరికి ఇవ్వాలో పొద్దున్నదాకా తెలియదు. ఆడవాళ్లనీ బానిసలనీ బయటినుంచి వచ్చి స్థిరపడినవాళ్లనీ దగ్గరికి రానివ్వలేదు, అది వాళ్ల పెద్ద తప్పు. కానీ ఆ యంత్రం వెనకున్న ఆలోచన నాకు చాలా ఇష్టం.

ఈ కాలంలో దాన్ని బాగా వాడింది ఐర్లాండ్. అబార్షన్‌ని దాదాపు పూర్తిగా అడ్డుకున్న ఎనిమిదో సవరణ 1983 నుంచి వాళ్ల రాజ్యాంగంలో ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలే విషయమని పెద్ద పార్టీలు దగ్గరికి పోవడానికి జంకేవి. 2016లో దేశ జనాభాకి అద్దం పట్టేలా వయసు, ప్రాంతం, ఆడామగా, సామాజిక వర్గం చూసి 99 మంది మామూలు పౌరుల్ని ఎంచారు. అధ్యక్షురాలిగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి మేరీ లఫోయ్. ఐదు వారాంతాలు కూర్చున్నారు. గుండ్రటి బల్లలు, బల్లకి ఏడెనిమిది మంది, ఎవరూ మాటని లాగేసుకోకుండా చూడటానికి ఒకరు. డాక్టర్లు, లాయర్లు, రెండువైపులా వాదించేవాళ్లు, ఆ బాధ స్వయంగా పడిన ఆడవాళ్లు వచ్చి చెప్పారు. చివరికి చాలామంది ఊహించినదానికన్నా పెద్ద మార్పునే సభ సిఫార్సు చేసింది. దాని తర్వాత పార్లమెంటు కమిటీ, ఆపైన 2018 మే 25న రిఫరెండం, అంటే ఆ ఒక్క ప్రశ్నమీద దేశమంతా ఓటు. 66.4 శాతం మార్పుకి అవునన్నారు.

కొత్తచిగురు

బాగుంది కానీ, ఆ 99 మందిని నేను ఎన్నుకోలేదు కదా. వాళ్లు నా తరఫున ఎలా మాట్లాడతారు? నా ఓటు పోయి ఎవరికో లాటరీ తగిలినట్టు అనిపిస్తోంది.

లెక్కలపుస్తకం

మంచి ప్రశ్న. వాళ్లు నిర్ణయించలేదు, సిఫార్సు చేశారంతే. ఆఖరి మాట దేశమంతా వేసిన ఓటుదే. మీ ఓటు ఎక్కడికీ పోలేదు, మీ ముందుకొచ్చిన ప్రశ్న ఎవరి చేతులమీదుగా వచ్చిందన్నదే మారింది. తూకంరాయి గారు మొదట్లో అడిగిందీ అదే. కాలిఫోర్నియాలో ఆ ప్రశ్నని డబ్బున్నవాళ్లు రాశారు. ఇక్కడ ఏ పార్టీకీ కంపెనీకీ బాకీ లేని 99 మంది నెలల తరబడి విని రాశారు.

అయితే ఇది ఎప్పుడూ ఫలించే మంత్రం అనుకోకండి. 2024 మార్చిలో అదే ఐర్లాండ్‌లో కుటుంబం, ఇంట్లోవాళ్ల సంరక్షణ మీద రెండు రిఫరెండాలు ఘోరంగా ఓడాయి. సంరక్షణ ప్రశ్నకైతే 73.9 శాతం వద్దన్నారు. ఇంట్లో సేవచేసేవాళ్లకి ప్రభుత్వం తప్పనిసరిగా అండగా నిలవాలని పౌరసభ గట్టి మాట సిఫార్సు చేస్తే, ప్రభుత్వం ఆ మాటని పలచన చేసి ప్రయత్నిస్తుంది అని రాసింది. ఓటమికి కారణాలు చాలానే ఉన్నాయి, కానీ పౌరులు రాసిన మాటని చివర్లో మార్చేయడం నాకు మింగుడుపడలేదు.

ఫ్రాన్స్‌దీ అంతే. 2019 అక్టోబరు నుంచి 2020 జూన్ దాకా 150 మంది కూర్చుని వాతావరణం మీద 149 ప్రతిపాదనలు రాశారు. ఏ వడపోతా లేకుండా ముందుకి పంపిస్తానని అధ్యక్షుడు మాక్రాన్ మాటిచ్చారు. తీరా చూస్తే మూడిటిని అక్కడికక్కడే పక్కన పెట్టారు, 2021లో వచ్చిన చట్టంలో మిగతావి కూడా చాలావరకు నీరుగారిపోయాయి. తొమ్మిది నెలలు సెలవు రోజులు వదులుకుని వచ్చినవాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

తూకంరాయి

లాటరీ విషయంలో ఒక హెచ్చరిక. 2018 జనవరిలో ఐర్లాండ్ సభలో ఖాళీలు నింపడానికి తీసుకున్న ఏడుగురిని నిజంగా చీటీతో తియ్యలేదని బయటపడింది. సభ్యుల్ని వెతికే పని చేసే మనిషి తెలిసినవాళ్ల ద్వారా ఫోన్లు చేసి తెచ్చారు. అప్పటికి అబార్షన్ చర్చ ముగిసిపోయింది కాబట్టి దానిమీద ఆ మచ్చ పడలేదు. చీటీ తీసే పద్ధతి అందరి కళ్లముందూ జరగాలి. ఆ రాతి యంత్రాన్ని బహిరంగంగా పెట్టింది ఇందుకే కదా.

రెండుపూటలు

చాలాసేపటినుంచి చదువుతున్నాను, ఒక మాట అడగాలనిపించింది. ఐదు వారాంతాలు, తొమ్మిది నెలలు అంటున్నారు. నాకు చిన్న పిల్లాడు, మంచం పట్టిన అత్తగారు. చీటీలో నా పేరు వస్తే నేను వెళ్లగలనా? సాయంత్రం ఆరింటికి మీటింగు అంటే అది అన్నం వండే వేళ. ఇలాంటి సమావేశాలకి ఎప్పుడూ ఖాళీ ఉన్నవాళ్లే వస్తారు, వాళ్ల మాటే జనం మాట అయిపోతుంది.

లెక్కలపుస్తకం

అక్కా, మీరు అడిగింది అన్నిటికన్నా ముందు అడగాల్సింది. ఫ్రాన్స్‌లో సభ్యులకి జ్యూరీవాళ్లకి ఇచ్చినట్టే రోజుకింత భత్యం ఇచ్చారు. ఐర్లాండ్‌లో 2016 సభకి ఖర్చులు మాత్రమే ఇచ్చారు, మధ్యలో చాలామంది మానేశారు. ఆ ఖాళీలు నింపడంలోనే పైన చెప్పిన తప్పు జరిగింది. మీలాంటివాళ్లు రాలేని సభ దేశానికి అద్దం కాదు. పిల్లల్ని చూసుకునే మనిషి ఖర్చు కూడా సభ బడ్జెట్‌లోనే ఉండాలి.

మధ్యాహ్నరాగం

ఇరవై రెండేళ్లు ఒక స్థానిక సంస్థ లెక్కల విభాగంలో పనిచేశాను. పగటివెన్నెల గారు చెప్పిన హాల్లో బల్లకి అవతలివైపు కూర్చున్న మనిషిని అనుకోండి. అక్కడినుంచి చూసింది చెప్తాను.

ఒక పని ఎలా పుడుతుందంటే, ముందు ఎవరో అడుగుతారు. ఇంజినీరు వెళ్లి చూసి ఎస్టిమేట్ వేస్తారు. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, వర్క్ ఆర్డరు, పని, బిల్లు. ఇదీ వరస. ఎస్టిమేట్ వేయకముందు ఎవరైనా వచ్చి గీత ఇటు జరపండి అంటే పెన్సిల్‌తో చెరిపి మళ్లీ గీస్తారు, అంతే. అనుమతి వచ్చాక అదే మాట చెప్తే పది సంతకాలు మళ్లీ మొదటినుంచి. టెండరు అయ్యాక చెప్తే కాంట్రాక్టరు కోర్టుకి వెళ్తాడు. కాబట్టి ఆఖర్న వచ్చిన మంచి సలహాని కూడా వినే ధైర్యం ఏ అధికారికీ ఉండదు. నేనూ వినలేదు. జనాన్ని పిలిచే సమావేశం మాత్రం ఎప్పుడూ ఆ వరస చివర్లోనే పెడతారు. పెద్దావిడకి రెండు నిమిషాలు బదులు రెండు గంటలు ఇచ్చినా ఆరోజు జరిగేది అదే.

అందుకే బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రే నగరం చేసిన పని నాకు అంత నచ్చుతుంది. 1989లో వర్కర్స్ పార్టీ అక్కడ అధికారంలోకి వచ్చినప్పుడు ఖజానా దాదాపు ఖాళీ, వచ్చిందంతా జీతాలకే పోయేది. మొదటి రెండేళ్లు పెద్దగా ఏమీ చెయ్యలేకపోయారు. తర్వాత పన్నులు సరిచేసుకుని నిలదొక్కుకున్నారు. నగరాన్ని 16 ప్రాంతాలుగా చేసి, బడ్జెట్ రాయకముందే ప్రతి ప్రాంతంలో బహిరంగ సభ పెట్టి మీకు ముందు ఏం కావాలని అడిగారు. మురుగు కాలవా, రోడ్డా, ఇళ్లా, బడా? ప్రతినిధుల్ని వాళ్లే ఎన్నుకున్నారు. గట్టిగా అరిచిన పేటకే డబ్బు పోకుండా ఒక సూత్రం పెట్టుకున్నారు. జనాభా ఎంత, ఆ సౌకర్యం ఎంత కొరతగా ఉంది, వాళ్లు దాన్ని ఎన్నో స్థానంలో కోరారు, వీటికి మార్కులు. ఏమీ లేని పేటకి ఎక్కువ మార్కులు వస్తాయి. ఆ ఏడాది ఒప్పుకున్న పనులన్నీ ఒక చిన్న పుస్తకంగా అచ్చేసి పంచేవాళ్లు. మరుసటి సభకి జనం ఆ పుస్తకం పట్టుకుని వచ్చి, ఫలానా పేజీలో కాలవ ఏదీ అని నిలదీసేవాళ్లు. నా ఉద్యోగకాలంలో అలాంటి పుస్తకం ఒక్కసారైనా చేతికొచ్చి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇది ప్రపంచమంతా పాకింది. పుట్టినచోట మాత్రం పాలకులు మారుతూ వచ్చేసరికి పలచబడి, 2017లో ఆపేశారు. చట్టంలో గట్టిగా రాసుకోలేదు, మేయరు ఇష్టం మీద నిలబడింది, ఆ ఇష్టం పోగానే కూలింది.

బడిగంట

మధ్యాహ్నరాగం గారు చెప్పినదానికి తోడు, మాట చట్టం మీద నిలబడితే ఎలా ఉంటుందో నియమగిరి చూపించింది. ఒడిశాలో ఆ కొండమీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నప్పుడు, 2013 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. పన్నెండు గ్రామసభలు, చూడటానికి జిల్లా న్యాయమూర్తి. తవ్వకం ఇంకా మొదలవ్వలేదు, కొండ కొండలాగే ఉంది. ఆ కొండమీద ఉండే ఆదివాసులు డోంగ్రియా కోంధ్‌లు తమ భాషలో, కావలసినంతసేపు మాట్లాడారు. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

కొత్తచిగురు

నేను యాప్ అన్నాను కానీ, ఇదంతా చదివాక యాప్ చెయ్యాల్సింది ఓటింగు కాదేమో అనిపిస్తోంది. తైవాన్‌లో 2015లో ఊబర్‌ని ఎలా అనుమతించాలని పోలిస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చర్చ నడిపారట. అందులో ఎవరి మాటకీ జవాబు రాయడం కుదరదు, ఒప్పుకుంటున్నారో లేదో నొక్కడమే. తిట్లకి తావులేదు. రెండు వర్గాలూ ఒప్పుకున్న మాటలు పైకి తేలతాయి. ప్రయాణికుల బీమా, డ్రైవర్ల లైసెన్సు లాంటివి అలా తేలినవే, తర్వాత నిబంధనల్లోకి వచ్చాయి. అక్కడే ఇంకో సైట్‌లో 60 రోజుల్లో 5,000 మంది మద్దతిస్తే సంబంధిత శాఖ జవాబివ్వాల్సిందే.

తూకంరాయి

జవాబివ్వాల్సిందే అన్న నియమం నాకూ నచ్చింది. బెల్జియంలో జర్మన్ మాట్లాడే ప్రాంతంలో 2019 నుంచి 24 మందితో శాశ్వత పౌర మండలి ఉంది. ఏ విషయం చర్చించాలో ఆ మండలే నిర్ణయిస్తుంది. చీటీతో వచ్చిన పౌరుల సిఫార్సుల్ని పార్లమెంటు తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో కారణాలు చెప్పాలి. నేను ఈ చర్చలోకి అడుగుపెట్టినప్పుడు ప్రతినిధులే చాలు అనే మనిషిని. ఇలాంటి ఏర్పాటుకైతే నా అభ్యంతరం లేదు, హక్కుల గీత దాటనంతవరకు.

పగటివెన్నెల

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న ఆ పెద్దావిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆ కాగితం ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. ఏడు పాయింట్లు. మొదటిది మాత్రమే ఆరోజు మేం విన్నది, అది చెట్ల గురించి. మూడోది చదివి అక్కడే కూర్చుండిపోయాను. రోడ్డు వంపు దగ్గర వాననీళ్లు పోయే పాత తూము ఒకటి ఉందట, గీసిన మ్యాపులో అది లేదు. నలభై ఏళ్లుగా ఆ వీధిలో ఉంటున్న మనిషి కాబట్టి ఆవిడకి తెలుసు.

మొదటి దశ పని ఎలాగూ మొదలైపోయింది. వంపు ఉన్నది రెండో దశలో. దానికి ఇంకా ఎస్టిమేట్ వెయ్యలేదని ఆఫీసులో కనుక్కున్నాను. మధ్యాహ్నరాగం గారూ, ఈ దశలో దరఖాస్తు ఎవరి పేరుమీద ఇస్తే పెన్సిల్ పట్టుకున్న మనిషిదాకా చేరుతుంది?

మధ్యాహ్నరాగం

పై అధికారి పేరుమీద రాసి, ఆ పని చూసే ఇంజినీరుకి ఒక కాపీ ఇవ్వండి. ఏడు పాయింట్లూ వద్దు, తూము ఒక్కటే రాయండి, ఫొటో పెట్టండి, ఎక్కడుందో చేత్తో గీసిన బొమ్మ జతచెయ్యండి. ఇన్‌వార్డులో, అంటే ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట ఇచ్చి నంబరు వేయించుకోండి. ఆ నంబరు లేకపోతే మీరు ఇచ్చినట్టే కాదు. స్థలం చూడటానికి ఎప్పుడు వస్తారో అడిగి, ఆరోజు పెద్దావిడని తీసుకెళ్లండి. తూము ఎక్కడుందో ఆవిడే చెయ్యి పెట్టి చూపించాలి.

పగటివెన్నెల

సోమవారం ఇస్తాను. ఆవిడతో ఇప్పుడే ఫోన్లో మాట్లాడాను, వస్తానన్నారు.